కారు ట్రాక్షన్ కంట్రోల్ హెచ్చరిక లైటు: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రాక్షన్ కంట్రోల్ లైటు గురించి వచ్చే సందేహాలు కార్లు మారినా దాదాపు అవే ఉంటాయి. అందుకే వాటికి జవాబులను ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబును విడిగా చదువుకోవచ్చు. జవాబులన్నింటి వెనుకా ఉన్న మా అభిప్రాయం మాత్రం ఒక్కటే: ఆ లైటు ఒక వ్యవస్థ పని చేయడం లేదని చెబుతుందే తప్ప ఏ భాగం చెడిందో చెప్పదు. కాబట్టి కారు కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్ చదవకుండా, నాలుగు చక్రాల వేగాలనూ పోల్చి చూడకుండా ఏ భాగాన్నీ కొనకూడదు.

## లైటు వెలిగిన వెంటనే

కారు బొమ్మ, దాని కింద మెలికలు తిరిగిన రెండు గీతలు ఉన్న పసుపు లైటు వెలిగింది. అసలిది ఏమిటి?

అది ట్రాక్షన్ కంట్రోల్‌కూ, కారు అదుపు తప్పి అడ్డం తిరగకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్‌కూ ఉమ్మడి లైటు. ఇంజిన్ శక్తి అందుకునే చక్రం తడి రోడ్డు మీదో ఇసుకలోనో పట్టు తప్పి గిర్రున తిరిగితే, ట్రాక్షన్ కంట్రోల్ ఆ ఒక్క చక్రానికి బ్రేకు వేస్తుంది, అవసరమైతే ఇంజిన్ శక్తిని కూడా తగ్గిస్తుంది. దీనికి విడిగా సెన్సర్లు ఉండవు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం చక్రాలకు అమర్చిన నాలుగు స్పీడ్ సెన్సర్ల మీదే ఇదీ ఆధారపడుతుంది. స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కార్లలో స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్, కారు తన నిలువు అక్షం చుట్టూ ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే యా సెన్సర్ అదనంగా ఉంటాయి. స్టెబిలిటీ కంట్రోల్‌కు మారుతి, టాటా కార్లలో ఈఎస్‌పీ అనీ, హ్యుందాయ్‌లో ఈఎస్‌సీ అనీ, టొయోటాలో వీఎస్‌సీ అనీ, హోండాలో వీఎస్‌ఏ అనీ పేర్లు వేరైనా పని తీరు ఒకటే.

వానలో మలుపు తిరుగుతుంటే లైటు మిణుకుమిణుకుమని ఆరిపోయింది. ఏదైనా చెడిపోయిందా?

ఏమీ చెడిపోలేదు. లైటు మిణుకుమంటే ఆ క్షణంలో వ్యవస్థ పని చేస్తోందని అర్థం. ఆ సమయంలో యాక్సిలరేటర్ తొక్కినా కారు వెంటనే ముందుకు దూకకపోవచ్చు, కింద నుంచి గరగరమనే శబ్దం రావచ్చు. ఇవి రెండూ సహజమే. యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేసి, స్టీరింగ్‌ను నిలకడగా పట్టుకుంటే చాలు. అయితే పొడి రోడ్డు మీద, తిన్నగా మామూలు వేగంతో వెళుతున్నప్పుడు మిణుకుమంటే మాత్రం అనుమానించాలి. టైర్లు అరిగిపోయి ఉండవచ్చు, లేదా ఒక చక్రం సెన్సర్ తప్పుడు వేగం పంపుతుండవచ్చు.

ఇగ్నిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోతోంది. చూపించుకోవాలా?

అవసరం లేదు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే వ్యవస్థ తనను తాను పరీక్షించుకుంటుంది, లైటు కూడా పని చేస్తోందని చూపడానికి దాన్ని ఒకసారి వెలిగిస్తుంది. నిజానికి, అలా వెలగకపోతేనే చూపించుకోవాలి.

కారు బొమ్మ దగ్గర 'ఆఫ్' అని కూడా ఉంది. ఇది వేరే లైటా?

వేరే లైటే. ఎవరో బటన్ నొక్కి వ్యవస్థను ఆపారని అది చెబుతుంది. చాలా కార్లలో ఆ బటన్ స్టీరింగ్‌కు కుడి పక్కన, మోకాలికి అందే ఎత్తులో ఉంటుంది. కారు తుడిచేటప్పుడు గుడ్డ తగిలినా నొక్కుకుపోవచ్చు. బటన్‌ను మళ్ళీ ఒకసారి నొక్కండి, లేదా ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేయండి. వ్యవస్థ తిరిగి ఆన్ అవుతుంది. అప్పటికీ 'ఆఫ్' లైటు ఆరకపోతే దాన్ని లోపంగానే పరిగణించి స్కాన్ చేయించాలి.

దారి మధ్యలో లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. ఇంటి దాకా నడపవచ్చా?

ఆ ఒక్క పసుపు లైటు మాత్రమే ఉండి, బ్రేకు పెడల్ మామూలు గట్టిదనంతో ఉంటే, నిదానంగా నడుపుకుంటూ ఇంటికి చేరవచ్చు. మామూలు బ్రేకులు పని చేస్తూనే ఉంటాయి. తోడుగా పసుపు రంగు ఏబీఎస్ లైటు కూడా ఉంటే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి కారు జారవచ్చు. ముందు వాహనానికి మామూలు కంటే ఎక్కువ దూరం వదిలి, వాన ఉంటే వేగం బాగా తగ్గించాలి. ఎర్ర బ్రేకు లైటు కూడా కలిసి వెలిగితే పరిస్థితి పూర్తిగా వేరు. హ్యాండ్ బ్రేకు దించి ఉందని చూసుకున్న తరువాత కూడా ఆ ఎర్ర లైటు ఆరకపోతే, బ్రేకు ఆయిల్ తగ్గి ఉండవచ్చు, లేదా ముందు వెనుక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు ఆగిపోయి ఉండవచ్చు. రెండో సందర్భంలో వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుని కారు అడ్డం తిరిగే ప్రమాదం ఉంది. అక్కడే ఆపి, కారును లాగించుకుని వెళ్ళాలి.

మా కారులో ఏబీఎస్ ఉంది. అంటే ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఉన్నట్టేనా?

కచ్చితంగా అలా చెప్పలేం. మన దేశంలో ఏబీఎస్ కొత్త మోడల్ కార్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్ళకు 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. ట్రాక్షన్ కంట్రోల్ మాత్రం అదే మోడల్‌లోని కింది వేరియంట్లలో లేకపోవచ్చు. 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చిన, కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో మూడు నక్షత్రాలు, అంతకు మించి రావాలంటే స్టెబిలిటీ కంట్రోల్ ఉండాలన్న నియమం వల్ల ఇప్పుడు చిన్న కార్లలోనూ ఇది వస్తోంది. ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు ఆ బొమ్మ వెలిగి ఆరుతుందా లేదా అన్నది చూస్తే మీ కారు సంగతి తెలిసిపోతుంది.

## మెకానిక్ దగ్గరికి వెళ్ళే ముందు

ఒక టైరు మాత్రమే కొత్తది వేయించాను. ఆ మరునాటి నుంచి లైటు వస్తోంది. సంబంధం ఉందా?

ఉండే అవకాశం చాలా ఎక్కువ. వ్యవస్థకు చక్రం పరిమాణం తెలియదు, అది ఎంత వేగంగా తిరుగుతోందో మాత్రమే తెలుసు. వ్యాసం తక్కువైన చక్రం అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి, అది జారుతోందని వ్యవస్థ పొరబడుతుంది. ఉదాహరణకు 185/65 ఆర్15 టైరు వ్యాసం దాదాపు 621 మిల్లీమీటర్లు, 185/60 ఆర్15 టైరుది 603. రెండూ ఒకే రిమ్ముకు సరిపోతాయి, పక్కన పెట్టి చూసినా తేడా చటుక్కున తెలియదు. కానీ చక్రం వేగంలో మూడు శాతం తేడా వచ్చేస్తుంది. ముందుగా నాలుగు టైర్ల పక్కగోడల మీదా ఉన్న అంకెలు ఒకటేనా అని చూడండి. సైజు ఒకటే అయినా, బాగా అరిగిన టైరుకూ కొత్త టైరుకూ వ్యాసంలో 12 మిల్లీమీటర్ల దాకా తేడా ఉండవచ్చు. అందుకే ఒకే ఇరుసు మీది రెండు టైర్లనూ జతగా మార్చడం మంచిది. గాలి కూడా డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న అంకె ప్రకారం నాలుగింటిలోనూ సరిచూడాలి. సన్నటి స్టెప్నీ వేసుకుని నడుపుతున్నప్పుడు లైటు వస్తే, అసలు చక్రం తిరిగి వేసిన తరువాత కూడా ఉంటుందా అన్నది చూశాకే స్కానింగ్‌కు వెళ్ళండి.

బ్యాటరీ మార్చినప్పటి నుంచి లైటు ఆరడం లేదు. బ్యాటరీలో లోపమా?

చాలాసార్లు బ్యాటరీలో లోపం ఉండదు. బ్యాటరీ వైర్లు తీసినప్పుడు కొన్ని కార్లలో స్టీరింగ్ సెన్సర్ తన సున్నా స్థానాన్ని మరిచిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా స్టీరింగ్‌ను ఒకవైపు చివరి దాకా, తరువాత రెండో వైపు చివరి దాకా తిప్పి, మధ్యకు తెచ్చి, కొద్ది దూరం తిన్నగా నడిపితే చాలా మోడళ్ళలో లైటు దానంతటదే ఆరిపోతుంది. మీ కారు పుస్తకంలో వేరే పద్ధతి ఉంటే దాన్నే పాటించండి. కొన్ని కార్లకు మాత్రం ఆ సున్నా స్థానాన్ని స్కానర్‌తో సరిచేసే క్యాలిబ్రేషన్ చేయించక తప్పదు.

పాత బ్యాటరీ వల్ల కూడా ఈ లైటు వస్తుందా?

వస్తుంది. పంపు, కంప్యూటర్ కలిసి ఉండే ఏబీఎస్ యూనిట్‌కు నిలకడైన వోల్టేజీ కావాలి. కారు రాత్రంతా ఆగి ఉన్న తరువాత ఉదయం మల్టీమీటర్‌తో చూస్తే మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ అయినట్టే. స్టార్ట్ చేసే క్షణంలో 9.6 కంటే కిందికి పడిపోతున్నా బ్యాటరీ బలహీనమైందని అనుకోవాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది. చలికాలం ఉదయం పూట మాత్రమే లైటు వచ్చి, మధ్యాహ్నం స్టార్ట్ చేస్తే రాకపోతే, ముందు బ్యాటరీనీ దాని టెర్మినళ్ళ బిగింపునూ చూడాలి.

బ్రేకు తొక్కినా వెనుక లైట్లు వెలగడం లేదు, ట్రాక్షన్ లైటు కూడా వచ్చింది. రెండూ ఒకటేనా?

రెండింటికీ మూలం ఒకటే అయి ఉండవచ్చు: బ్రేకు పెడల్ పైభాగాన ఉండే చిన్న స్విచ్. డ్రైవర్ బ్రేకు తొక్కుతున్నాడా లేదా అన్నది ట్రాక్షన్ కంట్రోల్‌కు ఆ స్విచ్ ద్వారానే తెలుస్తుంది. స్విచ్ చెడితే వెనుక లైట్లు వెలగకపోవచ్చు, లేదా పెడల్ వదిలినా వెలుగుతూనే ఉండవచ్చు. క్రూయిజ్ కంట్రోల్ పని చేయకపోవడం, ఆటోమేటిక్ కారులో గేరు 'పీ' నుంచి కదలకపోవడం, బటన్ నొక్కినా ఇంజిన్ స్టార్ట్ కాకపోవడం కూడా దీని లక్షణాలే. గోడకు దగ్గరగా కారును వెనుక పెట్టి, బ్రేకు మెల్లగా తొక్కుతూ వదులుతూ గోడ మీద పడే ఎర్ర వెలుతురును గమనిస్తే రెండో మనిషి సాయం లేకుండానే తెలిసిపోతుంది. ఇది ఖరీదు తక్కువ భాగం, మార్చడం కూడా సులువు. అయినా చాలామంది దీన్ని చివరికి గానీ చూడరు.

వాటర్ వాష్ చేయించిన రోజు లైటు వచ్చి, మరునాటికి పోయింది. వదిలేయవచ్చా?

వదిలేయవద్దు. ఎక్కడో వైర్లను కలిపే ఒక కప్లర్ రబ్బరు సీలు పోయి నీరు లోపలికి చేరుతోందని అది చెబుతోంది. ఈసారి ఆరిపోయింది గానీ, లోపలి రాగి పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము పట్టడం అప్పటికే మొదలై ఉంటుంది. చక్రాల దగ్గరి నాలుగు సెన్సర్ల కప్లర్లనూ ఒక్కొక్కటిగా విప్పి, చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి, ఆరాక సీలు సరిచూసి బిగించాలి. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్ర తీర పట్టణాల్లో ఉప్పు గాలి వల్ల ఈ చిలుము ఇంకా త్వరగా పడుతుంది.

పొలాల రోడ్డు మీద వెళ్ళొచ్చాక లైటు వచ్చింది. బురద వల్ల కావచ్చా?

కావచ్చు. దమ్ము చేసి వచ్చే ట్రాక్టర్లు రోడ్డు మీద వదిలే బురద, నల్లరేగడి మట్టి చక్రం లోపలి వైపు ముద్దగా పేరుకుని ఎండితే సెన్సర్ కొనకూ దాని ఎదురుగా చక్రంతో పాటు తిరిగే పళ్ళ చక్రానికీ మధ్య ఉండాల్సిన సన్నటి ఖాళీ మూసుకుపోతుంది. చక్రం లోపలి వైపును మామూలు పైపు నీటితో నానబెట్టి కడగండి. ఎక్కువ ఒత్తిడితో వచ్చే నీటిని నేరుగా సెన్సర్ కప్లర్ మీదికి కొట్టకండి.

పది రోజులు సెల్లార్‌లో ఉంచి తీశాను, లైటు వచ్చింది. ఎలుకలు కారణమా?

అనుమానించదగ్గ విషయమే. బానెట్ ఎత్తి, బ్యాటరీ కింద, ఇంజిన్ వెనుక గోడ అంచున పెంటికలు, కొరికిన స్పాంజి ముక్కలు, ఒలిచిన వైరు తొడుగులు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. చక్రాల దగ్గరికి వెళ్ళే సన్నటి రెండు తీగల వైరునూ చివరి దాకా వెతకాలి. తెగింది కనబడితే ఇగ్నిషన్ ఆన్ చేసి పరీక్షలు చేయకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. తీగలు ఒకదానికొకటి తగిలితే ఇంకో భాగం కాలిపోవచ్చు.

## స్కానింగ్ దశ

ఆన్‌లైన్‌లో కొన్న చిన్న బ్లూటూత్ స్కానర్ 'కోడ్లు లేవు' అంటోంది. మరి లైటు ఎందుకు వెలుగుతోంది?

ఆ పరికరం ఇంజిన్ కంప్యూటర్‌ను మాత్రమే చదివి ఉంటుంది. కోడ్లు నాలుగు రకాలు: పీ అక్షరంతో మొదలయ్యేవి ఇంజిన్, గేర్‌బాక్సువి, సీతో మొదలయ్యేవి బ్రేకులు, స్టీరింగ్ వంటి ఛాసిస్‌వి, బీ అయితే బాడీవి, యూ అయితే కంప్యూటర్ల మధ్య సంభాషణకు సంబంధించినవి. ట్రాక్షన్ కంట్రోల్ లోపాలు ఎక్కువగా సీ, యూ కోడ్లుగా ఏబీఎస్ కంప్యూటర్‌లో నమోదవుతాయి. చౌక పరికరాలు, వాటి ఉచిత యాప్‌లు చాలావరకు అక్కడి దాకా వెళ్ళలేవు. మీ కారు కంపెనీ ఏబీఎస్ విభాగాన్ని చదవగల స్కానర్ ఉన్న చోటికే వెళ్ళండి. వెళ్ళే ముందే 'ఏబీఎస్ కోడ్లు, లైవ్ డేటా చూపిస్తారా' అని ఫోనులో అడగడం మేలు. లైవ్ డేటా అంటే కారు నడుస్తుండగా సెన్సర్లు పంపే విలువలు. కోడ్లు చెరిపే ముందు స్క్రీన్ ఫోటో తప్పనిసరిగా తీసుకోండి.

ట్రాక్షన్ లైటుతో పాటు చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగింది. ముందు ఏది చూడాలి?

ముందు ఇంజిన్ కోడ్ చూడాలి. చక్రం జారినప్పుడు శక్తి తగ్గించమని ట్రాక్షన్ కంట్రోల్ ఇంజిన్ కంప్యూటర్‌ను కోరుతుంది. ఇంజిన్‌లోనే మిస్‌ఫైర్ (ఇంధనం సరిగా మండకపోవడం), గాలిని నియంత్రించే థ్రాటిల్ బాడీ లోపం, సెన్సర్ లోపం వంటివి ఉంటే 'ఆ పని నా వల్ల కాదు' అని ఇంజిన్ కంప్యూటర్ చెప్పేస్తుంది, దాంతో ట్రాక్షన్ కంట్రోల్ తనను తాను ఆపేసుకుని లైటు వెలిగిస్తుంది. అలాంటప్పుడు బ్రేకు వ్యవస్థలో ఏ లోపమూ ఉండదు. ఇగ్నిషన్ కాయిల్ గానీ స్పార్క్ ప్లగ్ గానీ మార్చగానే రెండు లైట్లూ ఆరిపోతాయి.

సీ0035 అని వచ్చింది. మెకానిక్ ఎడమ ముందు సెన్సర్ మార్చాలంటున్నాడు. మార్పించనా?

అప్పుడే వద్దు. సీ0035 ఎడమ ముందు చక్రం వేగం సర్క్యూట్‌ను సూచిస్తుంది. సీ0040 కుడి ముందు, సీ0045 ఎడమ వెనుక, సీ0050 కుడి వెనుక చక్రాలవి. ఇక్కడ సర్క్యూట్ అంటే సెన్సర్, దాని వైరు, కప్లర్, సెన్సర్ ఎదురుగా తిరిగే పళ్ళ చక్రం లేదా అయస్కాంత వలయం, ఆ వైపు బేరింగ్, అన్నీ కలిపి. వీటిలో ఏది చెడినా అదే కోడ్ రావచ్చు. ఎడమ, కుడి అన్నవి సీటులో ముందుకు చూస్తూ కూర్చున్న మనిషివి. బానెట్ ముందు నిలబడి చూసే వ్యక్తికి అవి తారుమారవుతాయి, ఆ పొరపాటుతో బాగున్న వైపు సెన్సర్‌ను మార్చేయడం తరచూ జరిగేదే.

సెన్సర్‌ను మార్చే ముందు మూడు పనులు చేయించండి. మొదటిది, కప్లర్ విప్పి పిన్నులు చూడడం. రెండోది, సెన్సర్‌ను బయటికి తీసి దాని కొనను చూడడం: ఇనుప రజను, బ్రేకు ప్యాడ్ల పొడి నల్లటి మీసంలా అంటుకుని ఉంటే తుడిచి వేస్తేనే సరిపోవచ్చు, సెన్సర్ కూర్చునే రంధ్రంలో తుప్పు ఉబ్బి దాన్ని పైకి నెట్టి ఉంటే తుప్పు గీకి మళ్ళీ పూర్తిగా కూర్చోబెట్టాలి. మూడోది, ఒకే ఇరుసు మీద రెండు వైపులా సెన్సర్లు ఒకే రకమైతే, కుడిదాన్ని ఎడమకూ ఎడమదాన్ని కుడికీ మార్చి చూడడం. కోడ్ సెన్సర్ వెంట రెండో వైపుకు వెళితే సెన్సర్‌దే తప్పు. కోడ్ ఉన్నచోటే ఉంటే డబ్బు మిగిలినట్టే, వెతకాల్సింది వైరులోనూ వలయంలోనూ.

లైవ్ డేటా చూడాలంటున్నారు. అందులో ఏం చూడాలి?

ఖాళీ రోడ్డు మీద ఒకరు తిన్నగా 20 నుంచి 30 కిలోమీటర్ల వేగంతో నడుపుతుంటే, రెండో మనిషి పక్క సీటులో కూర్చుని నాలుగు చక్రాల వేగాలను స్కానర్‌లో చూడాలి. నాలుగు అంకెలూ దాదాపు ఒకేలా పెరగాలి, ఒకేలా తగ్గాలి. ఒకటి సున్నా దగ్గరే ఉండిపోతే ఆ సర్క్యూట్ నుంచి సంకేతం రావడం లేదని అర్థం. ఒకటి ఉన్నట్టుండి పడి మళ్ళీ లేస్తుంటే కప్లర్ వదులు గానీ వలయం పగులు గానీ ఉంటుంది. ఒకటి ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో ఎక్కువగా ఉంటే టైరు పరిమాణం లేదా గాలి కారణం. కారు ఆపాక, స్టీరింగ్ తిన్నగా ఉంచి దాని కోణం సున్నాకు దగ్గరగా ఉందా, కదలకుండా ఉన్నప్పుడు యా సెన్సర్ విలువ సున్నా దగ్గరే ఉందా, బ్రేకు తొక్కితే స్విచ్ స్థితి మారుతోందా అని కూడా చూడాలి.

మలుపుల్లో మాత్రమే లైటు వచ్చే కార్లలో, ముందు చక్రం సెన్సర్ వైరు స్టీరింగ్ తిరిగినప్పుడల్లా వంగే చోట లోపలి తీగ తెగి ఉండవచ్చు, పై తొడుగు మాత్రం చెక్కుచెదరదు. ఆ వైరును చేత్తో కదుపుతూ స్క్రీన్ చూస్తే దొరికిపోతుంది.

మల్టీమీటర్‌తో సెన్సర్ బాగుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చా?

అది సెన్సర్ రకాన్ని బట్టి ఉంటుంది. పాత కార్లలోని తీగచుట్ట సెన్సర్ అయితే, కప్లర్ విప్పి దాని నిరోధాన్ని కొలవవచ్చు. సాధారణంగా 800 నుంచి 2,500 ఓమ్‌ల మధ్య ఉంటుంది, ఎడమ కుడి విలువలు దగ్గరగా ఉండాలి. జాకీతో పాటు స్టాండు కూడా పెట్టి కారును ఎత్తి, మీటరును ఏసీ వోల్టుల మీద ఉంచి చక్రాన్ని చేత్తో తిప్పితే చిన్న వోల్టేజీ కనబడాలి. కొత్త కార్లలో ఎక్కువగా ఉండేది యాక్టివ్ సెన్సర్. దాన్ని ఓమ్ మీటరుతో కొలవకూడదు, కొలిచినా ఏమీ తెలియదు. అది యూనిట్ నుంచి విద్యుత్తు అందుకుని, సుమారు 7, 14 మిల్లీ యాంపియర్ల మధ్య మారే కరెంటు రూపంలో సంకేతం పంపుతుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి, కప్లర్ దగ్గరికి విద్యుత్తు అందుతోందా అన్నంత వరకే మల్టీమీటర్‌తో చూసి, మిగిలింది లైవ్ డేటాకు వదిలేయాలి.

ఏబీఎస్, ట్రాక్షన్, ఎత్తులో కారు వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్, క్రూయిజ్, అన్నీ ఒకేసారి పని చేయడం లేదంటున్నాయి. ఇన్ని భాగాలు ఒకేసారి ఎలా చెడతాయి?

అన్నీ చెడవు. ఇవన్నీ ఒకే చక్రాల సమాచారం మీద ఆధారపడతాయి కాబట్టి ఒక్క సెన్సర్ ఆగినా అన్నీ కలిసి ఆగుతాయి. బ్యాటరీ బలహీనత, ఏబీఎస్ యూనిట్‌కు వెళ్ళే పెద్ద ఫ్యూజు పోవడం, ఎర్త్ వైరు తుప్పు కూడా ఇదే దృశ్యాన్ని చూపిస్తాయి. యూ0121 కోడ్ వస్తే మిగతా కంప్యూటర్లకు ఏబీఎస్ యూనిట్ జవాబివ్వడం లేదని అర్థం. అది వచ్చినంత మాత్రాన యూనిట్ పోయిందని కాదు, ముందు దానికి విద్యుత్తు అందుతోందో లేదో చూడాలి.

## రిపేరు దశ

వీల్ బేరింగ్ మార్పించాను. శబ్దం పోయింది గానీ ఈ లైటు వచ్చింది. ఎందుకు?

నేటి కార్లలో చాలావాటికి పళ్ళ చక్రం బదులు బేరింగ్ సీలులోనే అయస్కాంత వలయం ఉంటుంది. అది సెన్సర్ వైపుకు ఉండేలా బిగించాలి. తిప్పి బిగిస్తే చక్రం చక్కగానే తిరుగుతుంది గానీ సెన్సర్‌కు సంకేతం రాదు. వలయం ఉన్న వైపు సాధారణంగా నల్లగా లేదా ముదురు గోధుమ రంగులో చదునుగా కనబడుతుంది. అయస్కాంత క్షేత్రాన్ని చూపే చిన్న కార్డు దాని మీద పెడితే సన్నటి గీతలు కనిపిస్తాయి. ఏ వైపు ఉందో తేల్చుకోవడానికి దాని దగ్గరికి ఇంకో అయస్కాంతాన్ని తీసుకురాకూడదు. వలయం పాడైపోతుంది. తప్పుగా బిగించిన బేరింగ్‌ను ప్రెస్‌తో తీస్తే మళ్ళీ వాడడానికి పనికిరాదు, కొత్తదే వేయాలి. కొన్ని చౌక బేరింగ్‌లలో అసలు వలయమే ఉండదు కాబట్టి, కొనేటప్పుడే ఏబీఎస్ కారుకని చెప్పి తీసుకోవాలి.

కారు ఆగబోయే క్షణంలో బ్రేకు పెడల్ కాలి కింద కొట్టుకుంటోంది. దీనికీ లైటుకూ సంబంధమా?

పొడి రోడ్డు మీద, 10 కిలోమీటర్ల లోపు వేగంలో అలా జరుగుతుంటే పళ్ళ చక్రం పగిలిందని అనుమానించాలి. డ్రైవ్ షాఫ్ట్ మీద బిగించిన ఆ వలయం కింద తుప్పు ఉబ్బి దాన్ని ఒకచోట చీలుస్తుంది. చీలిక దగ్గర రెండు పళ్ళ మధ్య ఖాళీ పెరగడం వల్ల, ఆ చోటు సెన్సర్ ముందుకు వచ్చిన ప్రతిసారీ చక్రం ఆగిపోయినట్టు యూనిట్‌కు తోస్తుంది, వెంటనే ఏబీఎస్ పని మొదలుపెడుతుంది. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ టార్చి వెలుతురులో పళ్ళన్నీ చూస్తే వెంట్రుక మందం చీలిక కనబడుతుంది. వలయం విడిగా దొరికితే అదొక్కటే మార్చవచ్చు. దొరకకపోతే షాఫ్ట్ మార్చాలి. దీన్ని వాయిదా వేయవద్దు, ఎందుకంటే ఆగాల్సిన చోట బ్రేకు వదులుతూ పట్టడం వల్ల కారు ఇంకొంచెం ముందుకు పోతుంది.

అలైన్‌మెంట్ చేయించాక లైటు వచ్చింది. చేసినవాళ్ళు తప్పు చేశారా?

చక్రాలు సరిచేసి, స్టీరింగ్ సెన్సర్‌కు కొత్త సున్నా స్థానం చెప్పకపోతే ఇలా అవుతుంది. కారు తిన్నగా వెళుతుండగా స్టీరింగ్ కొన్ని డిగ్రీలు తిరిగి ఉందని సెన్సర్ చెబితే, వ్యవస్థ అయోమయంలో పడుతుంది. స్కానర్‌తో స్టీరింగ్ యాంగిల్ క్యాలిబ్రేషన్ చేయిస్తే సరిపోతుంది. అలైన్‌మెంట్ బిల్లులో అది భాగమేనా అని ముందే అడగండి.

సెన్సర్ వైరు తెగింది. అతికిస్తే సరిపోతుందా, మొత్తం మార్చాలా?

చక్రం దగ్గర, నిరంతరం వంగే చోట తెగితే మొత్తం వైరును మార్చడమే మేలు. అక్కడ సోల్డర్ చేసిన అతుకు గట్టిపడి, పక్కనే మళ్ళీ తెగుతుంది. కదలని చోట అయితే సీలు చేసే క్రింప్ జాయింట్, వేడికి ముడుచుకునే గొట్టం వాడి అతికించవచ్చు. రెండు తీగలూ ఒకదాని చుట్టూ ఒకటి మెలివేసి ఉంటాయి. పక్క వైర్ల నుంచి వచ్చే విద్యుత్ అలజడి సంకేతాన్ని చెడగొట్టకుండా ఉండడానికే ఆ మెలిక, కాబట్టి అతికించాక దాన్ని తిరిగి వేయాలి. నల్ల టేపు చుట్టి వదిలేసే పద్ధతిని మాత్రం ఒప్పుకోవద్దు.

'ఏబీఎస్ యూనిట్ మొత్తం పోయింది' అని చాలా పెద్ద మొత్తం చెప్పారు. నమ్మాలా?

నమ్మే ముందు నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఏ కోడ్ వచ్చింది, యూనిట్ కప్లర్ దగ్గర విద్యుత్తు, ఎర్త్ కొలిచారా, ఫ్యూజులు చూశారా, నాలుగు చక్రాల లైవ్ డేటా ఎలా ఉంది. ఈ పరీక్షలన్నీ అయి, కోడ్ యూనిట్ లోపలి లోపాన్నే చూపితే అప్పుడు మాట నిజం. అప్పుడు కూడా చాలా మోడళ్ళలో పంపు భాగం బాగుండి, దానికి అతికి ఉన్న ఎలక్ట్రానిక్ బోర్డు మాత్రమే పోయి ఉంటుంది, ఆ బోర్డులను బాగుచేసే నిపుణులు పెద్ద నగరాల్లో ఉన్నారు. పాత కారు నుంచి తీసిన యూనిట్ వేస్తే పార్ట్ నంబరు అక్షరం తేడా లేకుండా కలవాలి, మీ కారుకు తగినట్టు స్కానర్‌తో కోడింగ్ కూడా చేయాలి. యూనిట్ విప్పినప్పుడు గొట్టాల్లోకి చేరే గాలిని తీయడానికి చాలా కార్లలో స్కానర్‌తో పంపును నడిపిస్తూ బ్లీడింగ్ చేయాలి. అది చేయకపోతే పెడల్ మెత్తగా ఉండిపోతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు.

వరద నీటిలో కారు మునిగింది. ఇంజిన్ బాగుచేశారు గానీ ఈ లైటు మాత్రం వస్తూ పోతూ ఉంది. ఎక్కడ చూడాలి?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతం నీట మునిగినప్పుడు జరిగినట్టుగా, నిలిచిన నీటిలో ఉన్న కార్లలో ముందుగా చూడాల్సింది లోపలి నేల. చాలా మోడళ్ళలో యా సెన్సర్ ముందు సీట్ల మధ్య, కన్సోల్ కింద నేలకు బిగించి ఉంటుంది. నీరు సీటు అంచు దాకా రాకపోయినా, కార్పెట్ తడిస్తే చాలు, దాని కప్లర్‌లోకి తేమ చేరుతుంది. సీట్లు, కన్సోల్ తీసి, కార్పెట్ ఎత్తి పూర్తిగా ఆరబెట్టి, కింద ఉన్న ప్రతి కప్లర్‌నూ విప్పి శుభ్రం చేయాలి. చక్రాల బేరింగ్‌లలోకి బురద నీరు చేరి ఉంటే కొన్ని నెలల్లో శబ్దం, దానితో సెన్సర్ లోపం కూడా వస్తాయి. ఈ పనులన్నీ బీమా సర్వేయర్ అంచనాలోనే రాయించడం మంచిది, ఎందుకంటే చిలుము ఆలస్యంగా బయటపడుతుంది.

మేం అమెరికాలో చలి ఎక్కువగా ఉండే రాష్ట్రంలో ఉంటాం. ప్రతి చలికాలం చివర ఈ లైటు వస్తోంది. కారణం?

మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పే ప్రధాన కారణం. అది సెన్సర్ కూర్చునే చోట తుప్పు పట్టించి సెన్సర్‌ను పైకి నెడుతుంది, పళ్ళ చక్రాలను చీలుస్తుంది. చలికాలం అంతా వీలైనప్పుడల్లా కారు కింది భాగం కడిగించండి. తుప్పులో బిగుసుకున్న సెన్సర్‌ను లాగితే విరిగిపోతుంది కాబట్టి, తీయాల్సి వస్తే కొత్తది దగ్గర ఉంచుకునే పని మొదలుపెట్టాలి. అక్కడ 2012 మోడల్ నుంచి ప్రయాణికుల కార్లన్నింటికీ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి కాబట్టి సెకండ్‌హ్యాండ్ కారులోనూ ఈ వ్యవస్థ ఉంటుంది.

## రిపేరు తరువాత

సెన్సర్ మార్చారు, కోడ్ చెరిపారు, అయినా లైటు ఆరలేదు. రిపేరు తప్పా?

వెంటనే ఆ నిర్ణయానికి రావద్దు. చక్రాలు తిరిగితే గానీ యూనిట్ కొత్త సెన్సర్‌ను పరీక్షించలేదు. 20 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో కొద్ది దూరం తిన్నగా నడిపి, ఇగ్నిషన్ ఆపి మళ్ళీ ఆన్ చేయండి. అప్పటికీ వెలుగుతుంటే మళ్ళీ స్కాన్ చేసి, వచ్చిన కోడ్ పాతదేనా కొత్తదా అని ఫోటోతో పోల్చండి.

బురదలో ఇరుక్కుంటే ట్రాక్షన్ కంట్రోల్ ఆపాలంటారు. నిజమేనా?

కొన్నిసార్లు నిజమే. మెత్తటి బురదలో, ఇసుకలో చక్రం కాస్త తిరిగితేనే కారు బయటపడుతుంది. వ్యవస్థ శక్తిని తగ్గించేస్తుంటే కారు కదలదు. బటన్‌తో ఆపి, బయటికి రాగానే తిరిగి ఆన్ చేయండి. తారు రోడ్డు మీద ఆపి నడపడానికి మాత్రం ఏ కారణమూ లేదు.

లైటు చికాకు పెడుతోంది. మీటరులో దాన్ని వెలగకుండా చేయిస్తానని ఒకరు అన్నారు. చేయించనా?

చేయించకండి. దాంతో ట్రాక్షన్ కంట్రోల్ బాగుపడదు, రేపు బ్రేకు వ్యవస్థలో అసలైన లోపం వచ్చినా మీకు తెలియదు. మీ ఇంట్లో ఇంకొకరు అదే కారు తీసుకుని వానలో బయలుదేరితే వారికి అసలే తెలియదు.

సెకండ్‌హ్యాండ్ కారు చూడబోతున్నాను. ఈ విషయంలో ఏం గమనించాలి?

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి మీటరు చూడండి. ఏబీఎస్, ట్రాక్షన్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు మూడూ వెలిగి, కొద్ది సెకన్లలో ఆరాలి. ఆ వేరియంట్‌లో ట్రాక్షన్ కంట్రోల్ ఉండి కూడా ఆ లైటు అసలు వెలగకపోతే ఎవరో దాన్ని వెలగకుండా చేయించి ఉండవచ్చు. తరువాత తిన్నగా ఉన్న రోడ్డు మీద, కనీసం 40 కిలోమీటర్ల వేగం దాటి నడిపి, రెండు వైపులా మలుపులు తిప్పి చూడండి. కోడ్లు అప్పుడే చెరిపిన కారైతే లైటు సాధారణంగా ఆ నడకలోనే తిరిగి వస్తుంది. అమ్మేవారు స్కానింగ్‌కు ఒప్పుకోకపోతే ఆ బేరం వదులుకోవడమే మంచిది.